బిల్లు చట్టం కాకముందే గ్రామం మాట్లాడాలి

పంట రుణం కోసం బ్యాంకు శాఖకు వెళ్ళిన రైతును మేనేజరు అడిగే మొదటి ప్రశ్న, "భూమి ఎవరి పేర ఉన్నది?" అని. రెండవ ప్రశ్న, "సాగు చేస్తున్నది ఎవరు?" అని. ఈ ప్రశ్నలకు ఏ కాగితం జవాబవుతుందో, ఆ కాగితాన్ని ఎవరు ఇవ్వాలో, అందులో తప్పు దొర్లితే ఎవరు దిద్దాలో నిర్ణయించేది రాష్ట్ర శాసనసభ. రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు, రాష్ట్ర జాబితాను చూడండి. 18వ అంశం భూమి, భూమిపై హక్కులు, కౌలు సంబంధాలు. 30వ అంశం వడ్డీ వ్యాపారం, వ్యవసాయ రుణభారం నుండి ఉపశమనం. 32వ అంశంలో సహకార సంఘాలు ఉన్నాయి. గ్రామీణ పరపతికి పునాదిరాళ్ళ వంటి ఈ మూడు విషయాలపైనా చట్టం చేసే బాధ్యత ప్రధానంగా రాష్ట్రాలదే.

అయినప్పటికీ మనలో చాలామంది ఒక చట్టం గురించి వినేది, అది అమలులోకి వచ్చి తమ దరఖాస్తు తిరిగి వచ్చిన తరువాతనే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్న చందమిది. బిల్లు ఇంకా ముసాయిదాగా ఉన్నప్పుడు ఒక వాక్యాన్ని మార్చడం సులభం. అదే వాక్యం చట్టమై, నియమాలై, కంప్యూటరులో ఒక గడియై స్థిరపడిన తరువాత మార్చడానికి ఏళ్ళు పడుతుంది. బిల్లు దశలోనే పౌరులు తమ అభిప్రాయాన్ని ఎందుకు తెలపాలో, ఎట్లా తెలపాలో పాఠకులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే విషయం, రెండు బిల్లులు

తెలంగాణ అనుభవాన్ని పరిశీలించండి. 2020 సెప్టెంబరులో భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల బిల్లు శాసనసభ ముందుకు వచ్చి కొద్ది రోజులలోనే ఉభయ సభల ఆమోదం పొందింది. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే రోజున, ఒకే కార్యాలయంలో పూర్తి కావడం ఆ చట్టంలోని మేలు. కాని రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. రికార్డులో పేరు తప్పుగా పడినా, విస్తీర్ణం తగ్గినా రెవెన్యూ శాఖలోనే అప్పీలు చేసుకునే మార్గం లేక, సివిల్ కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. 1971 నాటి పాత చట్టం రద్దు కావడంతో సాదాబైనామాల క్రమబద్ధీకరణకు చట్టంలో ఆధారం కొరవడి, లక్షలాది దరఖాస్తులు నిలిచిపోయాయి. తెల్ల కాగితంపై భూమి కొని దశాబ్దాలుగా దున్నుకుంటున్న చిన్న రైతుకు పాసు పుస్తకం లేదు. అది లేనందున భూమి ఆధారంగా బ్యాంకు రుణమూ లేదు.

నాలుగేళ్ళ తరువాత అదే విషయంపై కొత్త బిల్లు తయారైంది. ఈసారి ముసాయిదాను 2024 ఆగస్టులో భూపరిపాలన శాఖ వెబ్‌సైటులో ఉంచి ప్రజల సూచనలు కోరారు. రైతులు, న్యాయవాదులు, విశ్రాంత రెవెన్యూ అధికారులు తమ అభిప్రాయాలు పంపారు. 2024 డిసెంబరులో సభల ఆమోదం పొంది, 2025 ఏప్రిల్ 14న భూభారతిగా ప్రారంభమైన ఈ చట్టంలో అప్పీలు వ్యవస్థకు, పెండింగులో ఉన్న సాదాబైనామా దరఖాస్తుల పరిష్కారానికి చోటు లభించింది. కొత్త చట్టం లోపరహితమని ఇక్కడ చెప్పడం లేదు. 2020లోనే గ్రామాల నుండి, "తప్పు దొర్లితే అప్పీలు ఎవరికి?" అనే ప్రశ్న సభకు బలంగా చేరి ఉన్నట్లయితే ఎందరికో నాలుగేళ్ళ కాలం కలిసివచ్చేది.

ఆంధ్రప్రదేశ్‌లో భూయాజమాన్య హక్కు చట్టం కథ మరొక విధమైనది. ఇది 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చింది. వివాదాలలో సివిల్ కోర్టుల పరిధిని తొలగించిన నిబంధన, హక్కు నమోదు అధికారికి ఇచ్చిన విస్తృత అధికారం, గడువులోగా అభ్యంతరం చెప్పకపోతే నమోదే తుది హక్కు అవుతుందన్న నిబంధన ప్రజలలో ఆందోళన కలిగించాయి. న్యాయవాదులు విధులు బహిష్కరించారు. చివరకు 2024 జులైలో శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసే బిల్లును ఆమోదించింది. విశేషమేమంటే ఈ చట్టం తొలి రూపం 2019లోనే శాసనసభ ఆమోదం పొందింది. కేంద్రం సూచనల మేరకు మార్పులతో మళ్ళీ మళ్ళీ సభ ముందుకు వచ్చింది. ఆ సంవత్సరాలన్నీ గ్రామాలలో చర్చ జరగడానికి తగిన సమయమే. చర్చ మాత్రం చట్టం అమలైన తరువాతనే రచ్చబండ వరకు వచ్చింది.

కౌలు రైతు: ఒక్క సంతకం విలువ

చట్టంలోని ఒక్క మాట రుణాన్ని ఎట్లా తెరవగలదో, ఎట్లా మూయగలదో కౌలు చట్టాలు స్పష్టంగా చూపుతాయి. కిసాన్ క్రెడిట్ కార్డు పథకం ప్రకారం కౌలుదారులు, నోటిమాట కౌలుదారులు, పాలుకు సాగుచేసేవారు కూడా రుణానికి అర్హులే. 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ రుణానికి భూమి తాకట్టు అవసరం లేదని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. అయినను సాగు చేస్తున్నట్లు ఏదో ఒక రుజువు చూపక తప్పదు. కౌలు రైతుకు లేనిది అదే.

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చింది. కార్డు కాలపరిమితి ఒక సంవత్సరం. భూయజమాని సంతకం తప్పనిసరి అని అందులో లేదు. భూమిపై యజమానికున్న హక్కుకు ఈ కార్డు వలన భంగం కలగదని చట్టమే చెప్పింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కాలానికి హక్కు పత్రం ఇచ్చింది. దీనికి భూయజమాని, సాగుదారుల మధ్య వ్రాతపూర్వక ఒప్పందం కావాలి. అంటే యజమాని సంతకం కావాలి.

ఈ సంతకం విషయంలో ఇరువైపులా న్యాయమైన వాదన ఉన్నది. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని భయం. ఆయన ఊరిలో లేకపోవచ్చు. ఆ భూమిపై తానే ముందుగా పంట రుణం తీసుకొని ఉండవచ్చు. సంతకం దొరకని కౌలుదారుకు రుణం, పంట బీమా, పంట నష్ట పరిహారం ఒక్కటొక్కటిగా దూరమవుతాయి. అధిక వడ్డీకి ఎరువుల దుకాణదారు వద్దనో, ధాన్యం వ్యాపారి వద్దనో అప్పు చేయవలసి వస్తుంది. బ్యాంకు చిక్కు కూడా చిన్నది కాదు. ఒకే సర్వే నంబరుపై యజమానికి ఒక పంట రుణం, కౌలుదారుకు మరొక పంట రుణం ఇస్తే వసూలు ఎవరి వద్ద చేయాలి? ఈ మూడు పక్షాల అనుభవమూ బిల్లు రూపొందించే వారికి తెలియాలి. రాజధానిలోని అధికారికి చట్టభాష తెలుసు. యజమాని ఎందుకు సంతకం పెట్టడో తెలిసినది మాత్రం గ్రామానికే.

గ్రామం మాట చట్టమైన సందర్భాలు

సామాన్యుల మాటకు చట్టసభలలో విలువ ఉంటుందా అన్న సందేహం సహజం. చరిత్ర సమాధానం చెబుతున్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా కార్యక్రమంలో చదువు నేర్చుకున్న మహిళలు 1992లో సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. చట్టాన్ని సాధించడమే కాక, నిలుపుకోవడానికీ ప్రజలు మేల్కొని ఉండాలని ఈ ఉదంతం నేర్పుతున్నది.

రెండవది మన పాఠకులకు మరింత దగ్గరైనది. 1964 నాటి సహకార చట్టం కింద సంఘాలపై ప్రభుత్వ పెత్తనం పెరిగిందని భావించిన సహకారులు, సభ్యుల యాజమాన్యానికి చోటిచ్చే కొత్త చట్టం కోసం ఏళ్ళ తరబడి కృషి చేశారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ ఈ కృషిలో ముందు నిలిచింది. ఫలితంగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. దేశంలో ఈ తరహా చట్టాలలో ఇదే మొదటిది. అనంతర కాలంలో ఎన్నో మహిళా పొదుపు సంఘాల సమాఖ్యలు ఈ చట్టం కిందనే రిజిస్టరు అయ్యాయి. రాజస్థాన్‌లో 1990వ దశకంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ గ్రామాలలో జరిపిన ప్రజా విచారణలు కూడా 2005 నాటి సమాచార హక్కు చట్టానికి బాట వేశాయి.

బిల్లు ప్రయాణంలో మజిలీలు

బిల్లు మొదట సంబంధిత శాఖలో ముసాయిదాగా పుడుతుంది. న్యాయశాఖ పరిశీలన, మంత్రివర్గ ఆమోదం తరువాత సభలో ప్రవేశిస్తుంది. అక్కడ దానిని పరిశీలనకు తీసుకోవాలని మంత్రి ప్రతిపాదిస్తారు. ఈ దశలోనే బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపాలని గాని, ప్రజాభిప్రాయ సేకరణకు పంపాలని గాని ఏ సభ్యుడైనా ప్రతిపాదించవచ్చు. తరువాత ఒక్కొక్క నిబంధనపై చర్చ, సవరణలు, ఓటింగు జరుగుతాయి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ శాసనమండలి ఉన్నందున బిల్లు అక్కడికీ వెళుతుంది. మండలి సాధారణ బిల్లును మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్ళీ ఆమోదించి పంపినచో మరొక నెల వరకే ఆపగలదు. చివరకు గవర్నరు ఆమోదం, లేదా రాష్ట్రపతి పరిశీలన. శాసనసభ రద్దయితే అక్కడ పెండింగులో ఉన్న బిల్లు మురిగిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

పౌరుని మాటకు ఎక్కువ బలం ఉండేది ముసాయిదా దశలో. ఆ తరువాత సెలెక్ట్ కమిటీ దశలో. మూడవది నిబంధనలపై చర్చకు ముందు రోజులలో. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని కేంద్ర ప్రభుత్వం 2014లో ఒక విధానం ప్రకటించింది. అది కేంద్ర శాఖలకు సంబంధించినది, రాష్ట్రాలను బంధించదు. అయితే ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలను ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తామే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతున్నది. ఇది రాష్ట్రాలకూ వర్తిస్తుంది. ముసాయిదా ప్రతి కోరేటప్పుడు ఈ సెక్షన్‌ను ఉదహరించండి.

ఆర్డినెన్సు వచ్చినప్పుడు వ్యవధి ఇంకా తక్కువ. సభలు తిరిగి సమావేశమైన ఆరు వారాలలో ఆమోదం లభించకుంటే ఆర్డినెన్సు చెల్లదు. కాబట్టి ఆ మధ్య కాలమే మన గడువు. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థలపై ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్సు వచ్చి, కొద్ది నెలలలో చట్టమైంది. వసూళ్ళ పేరిట జరిగిన వేధింపులను అరికట్టడం దాని ఉద్దేశం. అది అవసరమే. అదే సమయంలో రుణాల వాపసు దాదాపు స్తంభించి, కొత్త రుణాలూ ఆగిపోయాయి. వేధింపు ఆగాలి, అప్పు పుట్టే దారి కూడా మూసుకుపోకూడదు అనే రెండు మాటలనూ కలిపి చెప్పగలిగినది రుణం తీసుకున్న మహిళలే. ఇటువంటి వేళ పొదుపు సంఘాల గొంతు సభకు వినిపించడం ఎంత అవసరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

బిల్లును చదివే విధానం

బిల్లు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు ప్రతి కావాలని సంబంధిత శాఖను కోరండి. లభించని పక్షంలో ఊరిలోని ఉపాధ్యాయుడో, న్యాయశాస్త్రం చదువుతున్న విద్యార్థో చదివి వివరించగలరు. మొత్తం బిల్లును ఒకేసారి అర్థం చేసుకోవలసిన పని లేదు. ముందుగా చివరనుండే ఉద్దేశాలు, కారణాల ప్రకటన చదవండి. ప్రభుత్వం ఏ కష్టాన్ని తీర్చదలచిందో అందులో తెలుస్తుంది. తరువాత ఈ అయిదు ప్రశ్నలకు బిల్లులో జవాబు వెదకండి.

ఒకటి, ఈ చట్టం ఎవరికి వర్తిస్తుంది? నిర్వచనాల సెక్షన్‌లో "సాగుదారు", "కుటుంబం", "యజమాని" అనే మాటలకు ఇచ్చిన అర్థం చూడాలి. భర్త పేర భూమి ఉండి తానే సాగుచేసే మహిళ ఆ నిర్వచనంలోకి వస్తున్నదా?

రెండు, కాగితం ఎవరు ఇస్తారు, ఎన్ని రోజులలో ఇవ్వాలి? గడువు రాయని హక్కు ఎండమావి వంటిది.

మూడు, తప్పు జరిగితే అప్పీలు ఎవరికి? సివిల్ కోర్టుకు వెళ్ళే దారి ఉన్నదా, మూసివేశారా?

నాలుగు, అభ్యంతరం చెప్పడానికి గడువెంత? వలస వెళ్ళిన వారికి, వితంతువులకు, చదువురాని వారికి ఆ గడువు చాలునా?

అయిదు, "నిర్ణీత విధంగా" అనే మాట ఎక్కడెక్కడ ఉన్నది? ఈ మాట ఉన్న చోటనెల్లా అసలు వివరం తరువాత వచ్చే నియమాలలో ఉంటుందని అర్థం. ముఖ్యమైన హక్కులను నియమాలకు వదలక చట్టంలోనే రాయాలని, నియమాల ముసాయిదాను కూడా ముందుగా ప్రచురించాలని కోరవచ్చు.

సూచన ఎట్లా రాయాలి?

"ఈ బిల్లు రైతు వ్యతిరేకమైనది, ఉపసంహరించండి" అని రాసిన వంద ఉత్తరాలు ఒకే ఉత్తరంగా లెక్కకు వస్తాయి. ఒక సెక్షన్‌ను పేర్కొని, ప్రత్యామ్నాయ వాక్యం సూచించిన ఒక్క ఉత్తరాన్ని అధికారి చదివి తీరాలి. ప్రతి సూచనలో నాలుగు భాగాలు ఉండాలి. అవి సెక్షన్ సంఖ్య, అందులో ఇప్పుడున్న మాట, దాని వలన మీ గ్రామంలో జరిగేది, మీరు కోరే మాట.

ఉదాహరణకు ఒక కౌలు బిల్లులో హక్కు పత్రానికి యజమాని సంతకం తప్పనిసరి అని ఉన్నదనుకుందాం. సూచన ఈ విధంగా ఉండవచ్చు: "మా గ్రామంలో భూయజమానులలో పలువురు పట్టణాలలో నివసిస్తున్నారు. సీజను ప్రారంభంలో వారి సంతకం దొరకడం కష్టం. కావున సంతకం లేని దరఖాస్తును గ్రామసభలో చదివి, యజమానికి నోటీసు పంపి, 15 రోజులలో అభ్యంతరం రాని పక్షంలో స్థానిక విచారణ జరిపి పత్రం ఇవ్వవచ్చునని చేర్చగోరుతున్నాము. ఈ పత్రం భూమిపై ఎట్టి హక్కును కలిగించదని, ఏ న్యాయస్థానంలోను యజమానికి వ్యతిరేకంగా సాక్ష్యం కాదని కూడా స్పష్టం చేయగోరుతున్నాము." ఇందులో కౌలుదారు కోరిక ఉన్నది, యజమాని భయానికి జవాబూ ఉన్నది. ఇరుపక్షాలూ సంతకం చేయగల సూచనకు సభలో బలం ఎక్కువ.

మీ గ్రామంలో ఎందరు కౌలుదారులున్నారు, వారిలో ఎందరికి కార్డులు వచ్చాయి, ఎందరికి రుణం అందింది అనే లెక్క మీరే సేకరించి జత చేయండి. పొదుపు సంఘం పుస్తకాలు, సహకార పరపతి సంఘం రికార్డులు ఇందుకు తోడ్పడతాయి. లెక్క ఉన్నదున్నట్లు ఉండాలి. పెంచి రాసిన ఒక్క అంకె మొత్తం ఉత్తరాన్ని అనుమానానికి గురిచేస్తుంది.

ఎవరికి పంపాలి?

బిల్లు ముసాయిదా దశలో ఉంటే సంబంధిత శాఖ కార్యదర్శికి, ప్రకటనలో సూచించిన చిరునామాకు, గడువులోగా పంపాలి. సభలో ప్రవేశపెట్టిన తరువాత మీ శాసనసభ్యునికి, శాసనసభ కార్యదర్శికి పంపాలి. సెలెక్ట్ కమిటీకి వెళ్ళినచో ఆ కమిటీకి పంపుతూ, స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం కోరవచ్చు. స్థానిక సంస్థలు, పట్టభద్రులు, ఉపాధ్యాయుల నియోజకవర్గాల నుండి ఎన్నికైన మండలి సభ్యులను మరవరాదు. మండలిలో చర్చకు వచ్చే నాటికి మీ ఉత్తరం వారి చేతిలో ఉండాలి. స్పీడు పోస్టు రశీదును, ఉత్తరం నకలును భద్రపరచుకోండి. నియమాలు రూపొందే సమయంలో అదే ఉత్తరం మరల ఉపయోగపడుతుంది.

ఒక్కరుగా రాయడం కంటే సంఘంగా రాయడం మేలు. గ్రామసభ తీర్మానం శాసనసభను బంధించదు. కాని గ్రామంలో బహిరంగంగా చర్చించి, మినిట్సు పుస్తకంలో నమోదైన అభిప్రాయానికి ఒక గౌరవం ఉంటుంది. మహిళా సంఘాల సమాఖ్య, ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం, రైతు ఉత్పత్తిదారుల సంస్థ కూడా తమ తమ సమావేశాలలో బిల్లును చర్చకు పెట్టవచ్చు. బిల్లును సమర్థించవలసిందిగా గాని, వ్యతిరేకించవలసిందిగా గాని బ్యాంకులు చెప్పజాలవు. నిర్ణయం మీదే. అయితే సాగుకు ఏ కాగితాలు రుజువుగా అంగీకరిస్తున్నారో, ఏ కారణాన దరఖాస్తులు తిరిగి వస్తున్నాయో మీ శాఖ మేనేజరును అడిగి తెలుసుకోండి. ఆ సమాచారం మీ సూచనకు బలం చేకూరుస్తుంది.

మీరు పంపిన ప్రతి సూచనా ఆమోదం పొందకపోవచ్చు. కాని చెప్పని మాటను ఏ సభా వినలేదు. శాసనసభ సమావేశాల ప్రకటన వెలువడిన రోజున పత్రికలో బిల్లుల జాబితా చూడండి. భూమి, కౌలు, వడ్డీ వ్యాపారం, సహకారం అనే మాటలలో ఏ ఒక్కటి అందులో కనిపించినా, ఆ వారం జరిగే సంఘం సమావేశంలో దానిని మొదటి అంశంగా చేర్చండి. ముసాయిదా ప్రతి తెప్పించి, అయిదు ప్రశ్నలు వేసి, ఒక్క సూచనైనా గడువులోగా పంపండి. వచ్చే పంట కాలంలో మీ ఊరి రైతు బ్యాంకు మేనేజరు ముందు ఉంచే కాగితం ఏదో నిర్ణయించడంలో మీకూ భాగం ఉంటుంది.